పదకొండోసారి దిగమన్నాడు

బావ మూడో అంతస్తు నుంచి పడి నాలుగు రోజులైంది. ఈ రోజు రెండింటికి ఆపరేషన్. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"రారా. ఇక్కడ ఒక్కడి మాటా అర్థం కావట్లేదు. లోపలికి తీసుకెళ్లేలోపు తెలిసిన మొహం ఒకటి చూడాలనుంది."

"వచ్చేస్తున్నా బావా, భయపడకు" అన్నాను. అక్కకూ ఫోన్ చేసి అదే చెప్పాను.

బావా నేనూ ఒకే కంపెనీలో టైల్స్ పరుస్తాం. పనికి కంపెనీ వ్యాన్‌లోనే వెళ్లొస్తాం కాబట్టి, ఈ దేశం వచ్చి ఆరు నెలలైనా వాళ్ల భాష ఒక్క ముక్క రాదు. బస్సెక్కింది ఒక్కసారే. అదీ మొన్న పొద్దున, రేడియో వెంట. వాడు మా గదిలోనే ఉంటాడు. నిద్రలో కూడా నోరు మూయడని ఆ పేరు.

"ఇదే బస్సు. పదకొండోసారి ఆగినప్పుడు దిగెయ్, ఎదురుగా ఆసుపత్రే" అన్నాడు. ఇవాళ వాడికి పని. పోతే పోనీ అనుకున్నాను. రోజంతా వరసలు లెక్కపెట్టేవాడికి పదకొండు ఒక లెక్కా?

పన్నెండున్నరకి బస్సెక్కి వేళ్లు మడవడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు. చాలాసేపటికి మూడు. బస్సులో నలుగురం కూడా లేము. నాలుగోసారి ఆగగానే డ్రైవరు ఇంజన్ ఆపేసి దిగిపోయాడు. బయట ఖాళీ బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. అదే ఆఖరి స్టాపు.

"హాస్పిటల్! హాస్పిటల్!" అని వెంటపడి అరిచాను. వాడు నేనొచ్చిన దారే చూపించి వెళ్లిపోయాడు.

అప్పుడే బావ ఫోన్. "ఎక్కడిదాకా వచ్చావురా?"

"దగ్గర్లోనే ఉన్నా బావా."

"తొందరగా రా. ఫోన్ తీసేసుకుంటారట."

తిరుగు బస్సు గంటసేపటికి గానీ కదల్లేదు. దారిలో ఒక ముసలమ్మ లేచి, కడ్డీకి ఉన్న ఎర్ర మీట నొక్కింది. బస్సు ఆగింది. తర్వాత స్టాపులో దిగేవాళ్లూ లేరు, ఎక్కేవాళ్లూ లేరు. ఆగకుండా పోయింది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. మొన్న జనం కిక్కిరిసి ఉన్నారు కాబట్టి ప్రతిచోటా ఆగింది. ఇవాళ నేను ఆసుపత్రి ముందు నుంచే, వేళ్లు మడుచుకుంటూ దర్జాగా వెళ్లిపోయాను. మన దగ్గరైతే కండక్టరు నాలుగు తిట్టయినా సరే దించేవాడు. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఆసుపత్రి కనబడగానే చేతికందిన మీటలన్నీ నొక్కేశాను. లోపలికి పరిగెత్తేసరికి మూడున్నర. బావ మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు. నర్సు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా ఏదో చెప్పింది. ఒక్క మాటా అర్థం కాలేదు. బావ ఇక లేడని మాత్రం అర్థమైంది.

జేబులో ఫోన్ మోగింది. అక్క. కంపెనీ వాళ్లు అప్పటికే చెప్పేశారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"లోపలికి తీసుకెళ్లేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదూ?"

"ఉన్నానక్కా."

"ఒంటరిగా వెళ్లలేదు కదూ?"

"లేదక్కా. నా చెయ్యి పట్టుకునే వెళ్లాడు."



"ఏమన్నాడురా? ఆ ఆఖరి మాట ఏదో చెప్పు" అంది.