నాడె మీద నెత్తురు

సిరిసిల్లలో అంబదాస్ సేటు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనివాళ్లు తెల్ల ధోవతులు నేస్తారు. వాళ్లలో కైలాసం నేసిన ధోవతిలో ఎర్ర చుక్కలు కనిపించాయి. వారం తిరగకముందే మళ్లీ కనిపించాయి. అంబదాస్ ఆ బట్టను కైలాసం ముందు పరిచాడు.

"ఏంరా, ధోవతి నేసినవా, పెండ్లి చీర నేసినవా?"

పక్క సాంచ వాళ్లు నవ్వారు.

"చిగుర్లకెల్లి నెత్తురు వస్తుంది సేటూ."

"ఇంకోపాలి మచ్చ వడితే సాంచ వేరేటోనికిస్త. తర్వాత నన్ననద్దు."

మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెలో దారం చుట్టిన కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, నాడె పక్కనున్న కంతకు పెదవులు ఆనించి పీల్చాలి. అప్పుడు దారం కొస బయటికి వస్తుంది. సాంచ నడిపేవారంతా అలాగే చేస్తారు. కైలాసం పీల్చిన దారం అతని నోటి నెత్తురు అంటించుకుని బట్టలోకి పోతోంది.

అతని భార్య బాలలక్ష్మి ఇంట్లో కండెలు చుడుతుంది. ఎండాకాలం నుంచి మొగుడు వేపపుల్ల ముట్టలేదని ఆమెకు తెలుసు. తోమితే నెత్తురు వస్తోందని మానేశాడు. పొద్దున్నే నీళ్లు పుక్కిలించి లేస్తాడు. మానేసినా నెత్తురు తగ్గలేదు. రొట్టె తగిలినా రాసాగింది.

ఆమె అతన్ని బస్సెక్కించి కరీంనగర్‌లో పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు నోరు తెరిపించి చూశాడు.

"నెత్తురు పుల్లతో రావడం లేదు. పండ్ల మొదట్లో రోజూ పాచి చేరుతుంది. తియ్యకపోతే గట్టిపడి గార అవుతుంది. దాన్ని ఆనుకున్న చిగురు వాస్తుంది. వాచిన చిగురు ముట్టుకుంటే చాలు, కారుతుంది. నువ్వు తోమడం మానేసి పాచిని పెంచావు."

ఆయన కొక్కెంతో గార గీకాడు. ముక్కలు గిన్నెలో పడ్డాయి.

"రెండు పూటలా చిగురు మొదట్లో మెల్లగా తోము. వారం పది రోజులు నెత్తురు వస్తుంది. అయినా ఆపకు. చిగురు గట్టిపడితే అదే తగ్గుతుంది. చిగురు వాసి ముందు పన్ను ఇప్పటికే సడలింది. వదిలేస్తే లోపల ఎముక కరిగి పండ్లు ఊడతాయి."

తిరుగు బస్సులో కైలాసం నాలుకతో పండ్లు తడుముకున్నాడు. గార పోయిన చోట సందులున్నాయి. ముందు పన్ను నెడితే కదిలింది.

"చూసినవా, గట్టిగున్న పండ్లను కదిలిచ్చిండు."

"గట్టిగున్నయా? మొన్న సకినం కొరకలేకపోతివి."

"గా గారనే పట్టుకొని ఉండె. ఊడవీకిండు."

"చిగురు వాసి సడలిందని చెప్పిండు గద!"

"నువ్వెప్పుడు చదివినవే డాక్టరు చదువు?"



మరునాడు ఆమె వేపపుల్ల కొసను రాతితో దంచి మెత్తగా చేసి ఇచ్చింది. కైలాసం నాలుగుసార్లు తోమి ఉమ్మేశాడు. ఉమ్మి ఎర్రగా ఉంది. పుల్లను మోరీలో పడేశాడు.

"సాంచ మీదికి పోయే ముందు నోరు కారవెట్టుకోవాల్నా? సేటు ఎల్లగొడ్తడు."

"వారం ఓర్సుకోమన్నడు."

"వారం దాకా సాంచ ఆగుతదా?"

ఆమె ఆ పూటే అంబదాస్ దగ్గరికి పోయింది.

"సేటూ, ఓ వారం మా ఆయనను కండెల మీద కూసోవెట్టు. చిగుర్లు మంచిగైనంక సాంచ ఎక్కుతడు. జర దయచూడు."

"వారం ఎందుకు చెల్లే? గిది చాలు." అంబదాస్ సన్న తీగె ముక్క తీసుకుని కొసను వంచాడు. నాడె కంతలో దూర్చి దారాన్ని బయటికి లాగాడు. "నోరు వెట్టే పనే లేదు. ఇగ మచ్చ యాడికెల్లి వడ్తది?"

ఆ రోజు కైలాసం తీగెతోనే దారం తీశాడు. బట్టమీద చుక్క పడలేదు. ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు.

"ఇగ ఏం ఫికర్ లేదు. సాంచ నాదే."

"మంచిదాయె. ఇప్పుడు తోముకో. నెత్తురొచ్చినా బట్టకు అంటదు."

"మచ్చనే వడ్తలేదంటే, వట్టిగ నెత్తురెందుకు కార్సుకోవాలె?"

"తోమకుంటే పండ్లు పోతయని చెప్పిండు!"

"మా బాపువి పోలేదా? బతుకలేదా? ఊకో, పరేషాన్ చెయ్యకు."

ఆమె కొసను దంచిన ఇంకో పుల్ల తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. అతను జొన్నరొట్టె కొరికాడు. కొరికిన చోట ఎర్రగా అంటింది. బాలలక్ష్మి దాన్ని వేలుతో చూపింది. కైలాసం రొట్టెలో ఆ ముక్కను తుంచి, పులుసులో ముంచి, నోట్లో వేసుకున్నాడు.