అడ్డగీత

బాలనర్సింహ మూడో పెన్సిల్ చెక్కేసరికి పదమ్ రాయ్ సారు అప్పుడే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, గాలేస్తే పడిపోయేలా ఉంటాడు, పనంటే మాత్రం ఆగడు. నేపాల్‌లో తన జిల్లా నుంచి మానవశాస్త్రం చదివిన మొదటివాడాయన. పాతబస్తీలో కాపలా కాసే నేపాలీల వంశవృక్షాలు గీస్తానని వచ్చి, పురానాపూల్ దగ్గర ఒక్క గదిలో ఇరవై రెండేళ్లు ఉండిపోయాడు. దారి చూపేవాడు, వండి పెట్టేవాడు, అన్నీ బాలనర్సింహే.

ఆ వంశవృక్షాల్లో మగవాడికి త్రిభుజం, ఆడమనిషికి సున్నా. పోయినవాళ్ల మీద అడ్డగీత. సారు మొండితనమంతా ఆ గీత దగ్గరే. ఊరంతా చెప్పినా సరే, ఇంటివాళ్ల నోట వింటేనే కొట్టాలి.

ఆ పొద్దున వెళ్లింది నయాపూల్ దగ్గర పుష్పమ్మ ఇంటికి. ఆమె మొగుడు, నేపాలీ వాచ్‌మన్, పోయి నెలయింది. గోడ మీద ఫొటోకు దండ కూడా ఉంది. అయినా సారు చాయ్ చల్లారేదాకా అలాగే కూర్చున్నాడు.

"మా ఆయన పోయిండు సారూ," అంది చివరికి, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

అప్పుడు గీశాడు. గీశాక పక్కనున్న పుష్పమ్మ సున్నాను వేలితో తడిమాడు.

గదికొచ్చాక సారు కొత్త కాగితం తీసి ఒక త్రిభుజం గీశాడు. "ఇది నేను," అన్నాడు. పక్కన ఒక సున్నా, కింద చిన్న సున్నా.

"నీకు పెండ్లాం, బిడ్డ ఉన్నరా సారూ? గిన్నేండ్లల్ల ఒక్కపారి గూడ చెప్పలే!"

"ఏమో భాయ్, ఉన్నరో లేరో. నేనే మళ్ల పోలే. నాకెవరు చెప్తరు?"

నాలుగు వందల ఇళ్ల ముత్తాతల పేర్లు నోటికి చెప్పే మనిషికి సొంత పెళ్లాం సంగతి తెలియదు! బాలనర్సింహకు కోపం, జాలి ఒక్కసారే ముంచుకొచ్చాయి. అన్నం పెట్టడానికి లేచాడు. కంచంతో తిరిగొచ్చేసరికి సారు కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. ఎంత పిలిచినా పలకలేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంటివాళ్లతోనే మాట్లాడాలి. మీరేమైతరు?" అంది.

"తమ్ముణ్ని," అన్నాడు, తడుముకోకుండా.

అప్పుడు చెప్పిందామె.

సాయంత్రం గదికొచ్చి, సారు త్రిభుజం పక్కన తనకోసం ఇంకోటి గీసి, అన్నదమ్ములకు సారు గీసినట్టే రెండింటినీ పైన గీతతో కలిపాడు. ఇప్పుడు తను ఇంటివాడే, చెవులారా విన్నాడు కూడా. అడ్డగీత కొట్టొచ్చు. పెన్సిల్ ఆనించాడు గానీ చేయి కదల్లేదు. బాలనర్సింహ మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు.

పొద్దున చెక్కిన ఆ పెన్సిల్ రెండు త్రిభుజాల పక్కనే ఉండిపోయింది.