పెద్ద వరహాలు మీసం

నేను ఒక మీసాన్ని. మూతి మీద మొలిచినదాన్ని కాను, పెట్టుడు మీసాన్ని. రాజమండ్రిలో మేకప్ కనకాచారి సన్నటి వలగుడ్డ మీద ఒక్కొక్క వెంట్రుకే ముడివేసి నాలుగు రోజుల్లో నన్ను తయారుచేశాడు. ఆ వెంట్రుకలు ఎవరివో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

పాపారాయుడు గారి నాటక సమాజంలో నాకు ఉద్యోగం దొరికింది. వాళ్లు ఊరూరా ఆడేది ఒకే హాస్యనాటకం. గోదావరి వరదలో పసికందులుగా విడిపోయిన కవలల కథ. ఇద్దరి పేరూ వరహాలే. పెద్ద వరహాలు చేసిన తప్పులకి చిన్న వరహాలు తన్నులు తింటాడు. పెద్ద వరహాలు పెళ్లాం చిన్నవాణ్ణి మొగుడనుకుని చెవి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోతుంది. చివరికి న్యాయాధికారి ముందు ఇద్దరూ ఎదురుపడి, కావలించుకుని ఏడుస్తారు. పెద్దవాడికి మీసం ఉంది, చిన్నవాడికి లేదు. ఆ సంగతి చూసేవాళ్లందరికీ కనిపిస్తుంది. నాటకంలో ఉన్నవాళ్లకి మాత్రం కనిపించదు.

ఆ వేషాలు వేసేది నిజమైన కవలలే. భీమలింగం నాలుగు నిమిషాలు పెద్ద, అందుకని పెద్ద వరహాలు. సోమలింగం చిన్న వరహాలు. నన్ను తీసేస్తే వాళ్లలో ఎవరు ఎవరో పాపారాయుడు గారికి కూడా తెలిసేది కాదు.

పిఠాపురంలో ఆట రోజున భీమలింగం గొంతు పూర్తిగా పోయింది. పెద్ద వరహాలుకి పద్యాలున్నాయి. చిన్న వరహాలుకి ఎక్కువగా తన్నులే. అన్నదమ్ములు ఎవరికీ చెప్పకుండా వేషాలు మార్చుకున్నారు. నన్ను సోమలింగం పెట్టుకున్నాడు. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పాడే పద్యం అందుకునేసరికి, వేరుసెనగకాయలు ఒలుచుకుంటున్న జనం కూడా చేతులు ఆపేశారు. ఆట అయ్యాక ఆ ఊరి వైద్యుడొకాయన వేదికెక్కి, "భీమలింగం, నీకు సాటి లేరయ్యా!" అని మీసం ఉన్నవాడి గుండెకి వెండి పతకం గుచ్చాడు.

వేషాలు మార్చారని తెలిస్తే పాపారాయుడు గారు ఊరుకోరు. సోమలింగం నోరు మెదపకుండా దండం పెట్టి, డేరాలోకి వచ్చాక పతకం అన్నకిచ్చాడు. "నీ పేరు మీద వచ్చింది, నీ దగ్గరే ఉంచు" అన్నాడు.

భీమలింగం ఉంచాడు. కోటుకి పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే మొదట్లో నవ్వి మాట మార్చేవాడు. తర్వాత తలూపేవాడు. ఏడాది తిరిగేసరికి ఆ పద్యంలో తాను ఎక్కడ ఊపిరి పట్టాడో, ఎక్కడ వదిలాడో వివరించి చెప్పసాగాడు. ఒకసారి పాపారాయుడు గారు లేని సమయంలో సోమలింగం అందరి ముందూ అనేశాడు.

"అన్నయ్యా, ఆ రోజు నీకు గొంతు లేదు కదా?"

"గొంతు లేకపోతే పతకం ఎందుకిస్తార్రా?"

ఆ మాట అన్నప్పుడు భీమలింగం కళ్లు చూశాను. అబద్ధమాడుతున్నానన్న అనుమానం వాటిలో లేదు.

ఆపైన ఆరేళ్లు వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. ఒకే డేరాలో, ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. "నీ మరిదిని ఉప్పు ఇటు జరపమను" అనేవాడు భీమలింగం, తన భార్య మంగతాయారుతో. "జరిపానని చెప్పు వదినా" అనేవాడు సోమలింగం. ఆమె రెండు మాటలూ చెప్పేది. వారానికి మూడుసార్లు వేదిక మీద మాత్రం ఇద్దరూ కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చేవాళ్లు. వాళ్ల మధ్య నలుగుతూ ఉండేదాన్ని నేను.

అమలాపురంలో ఉక్క ఎక్కువ. చివరి రంగంలో భీమలింగం చెమటకి జిగురు వదిలింది. కౌగిలి విడేసరికి నేను సోమలింగం చెంప మీద ఉన్నాను. జనం పగలబడి నవ్వారు. న్యాయాధికారి వేషగాడు ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. వేరే ఏమీ తోచక, నాటకంలో ఉన్న ప్రశ్నే వేశాడు. "మీలో పెద్ద వరహాలు ఎవరు?"

"నేనే" అనాలి భీమలింగం. అనలేదు. సోమలింగం నన్ను చెంప మీంచి ఒలిచి, అన్న పెదవి మీద పెట్టి, బొటనవేలితో మెల్లగా అదిమాడు. వేలు వెంటనే తియ్యలేదు.

"పిఠాపురంలో పద్యం పాడింది వీడండీ. ఆ రోజు నాకు గొంతు లేదు" అన్నాడు భీమలింగం, జనం వైపు తిరిగి.

జనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చప్పట్లు కొట్టారు. ఇప్పుడు సోమలింగం చెప్పవలసింది ఒకే ఒక్క మాట, 'అన్నయ్యా' అని. ఆరేళ్లుగా వారానికి మూడుసార్లు చెప్పిన మాటే. తెర చాటునుంచి ప్రాంప్టరు ఆ మాట అందించాడు. మళ్లీ అందించాడు. మూడోసారి అందించాక వచ్చింది.

పాపారాయుడు గారికి అసలు సంగతి తెలియలేదు. "ఆ పిఠాపురం మాట బాగా పండిందయ్యా, ఇకనుంచి ఉంచేయండి. జిగురు కూడా తక్కువ రాయండి" అన్నారు. అలా భీమలింగం తన తప్పు వారానికి మూడుసార్లు, ఊరూరా, ఇంకా తొమ్మిదేళ్లు ఒప్పుకున్నాడు. నేనూ అన్నిసార్లూ ఊడిపడి, చివరికి సగం వెంట్రుకలు రాలి, కనకాచారి రేకు పెట్టెలోకి చేరాను.

మొదటి రోజుదే నిజం, మిగతాదంతా నటన అంటాడు కనకాచారి. కావచ్చు. ఆ చోట సోమలింగానికి మాట అందించడం మాత్రం ప్రాంప్టరు తొమ్మిదేళ్లలో ఒక్కరోజూ మానలేకపోయాడు.