నలుగురు గోల్‌కీపర్లు, ఒక్క మొదటి దండ

సకల జనుల సమ్మె ముప్పై ఒకటో రోజుకు మా దంతాలపల్లి దీక్షా శిబిరంలో కూర్చునేవాళ్ళు కరువయ్యారు. వడ్రంగులు కూర్చున్నారు, ఆటోవాళ్ళు కూర్చున్నారు, వకీళ్ళు మానుకోట నుంచి వచ్చి మరీ కూర్చున్నారు. మా ఫుట్‌బాల్ క్లబ్బు పన్నెండో రోజునే కూర్చుంది. ఒకసారి కూర్చున్న సంఘం మళ్ళీ కూర్చోకూడదని రూలు. అందుకని జేఏసీ కన్వీనర్ వెంకట్రాం సారు బాగా ఆలోచించి, క్లబ్బులోంచి గోల్‌కీపర్లను విడదీసి వేరే సంఘం చేశాడు. పాతా కొత్తా కలిపి నలుగురం. అందులో నేనొకణ్ణి, పేరు శ్యాం. నలుగురిలో గొప్పవాణ్ణి నేనే. ఇది నా అభిప్రాయం కాదు, నిజం.

రిలే దీక్షకు ఒక పద్ధతి ఉంది. పొద్దున పదింటికి మెడలో దండ పడాలి, సాయంత్రం అయిదింటికి నిమ్మరసం తాగాలి. దండ పడితేనే దీక్ష మొదలైనట్టు. మొదటి దండ మధ్యలో కూర్చున్నవాడికి వేస్తారు, మధ్యలో కూర్చునేది ఆ సంఘంలో అందరికంటే గొప్పవాడు. వడ్రంగుల్లో ఎవరు గొప్పో వడ్రంగులకు తెలుసు. మాలో ఎవరు గొప్పో మాకూ తెలుసు, కాకపోతే నలుగురికీ నాలుగు రకాలుగా తెలుసు.

"లొల్లి ఎందుకు, లెక్క తీద్దాం" అన్నాడు సారు. ఆయన బడిలో లెక్కల మాస్టారు. సమ్మె వల్ల నెల రోజులుగా సుద్దముక్క పట్టక చేతులు దురద పెడుతున్నాయి. క్లబ్బు పాత రిజిస్టరు ముందేసుకుని, శిబిరంలోని నల్లబల్ల తుడిచి, "ఎవని మీద తక్కువ గోల్స్ పడ్డయో వాడే ఫస్టు" అని తేల్చేశాడు.

ఆ లెక్కన రాకేశ్ ఫస్టు వచ్చాడు. వాడు గ్లౌజులు తొడిగింది రెండు వేల తొమ్మిది డిసెంబరులో. అప్పటి నుంచి జనగాం జట్టు బయల్దేరితే రైల్ రోకో, భూపాలపల్లి జట్టు బయల్దేరితే రాస్తా రోకో, ఇద్దరూ ఎలాగో వస్తామంటే బంద్. రెండేళ్ళలో ఒక్క మ్యాచ్ జరగలేదు. వాడి పేరు పక్కన సున్నా.

"సార్, వాడు బంతిని ముట్టనే లేదు!" అని అరిచాను.

"ముట్టలే. కాని పోనియ్యలే గూడ" అన్నాడు సారు.

రెండో స్థానం లక్ష్మాకు. నాకు చికున్‌గున్యా వచ్చినప్పుడు ఒకే ఒక్క మ్యాచ్ ఆడి, సగంలో పాన్ కోసం వెళ్ళిన మహానుభావుడు. తొమ్మిది గోల్స్. మూడో స్థానంలో నేను, తొంభై ఆరు. చివర బీక్యా. ఎనభై అయిదు నుంచి తొంభై తొమ్మిది దాకా, పద్నాలుగేళ్ళు పోస్టుల మధ్య నిలబడ్డ మనిషి. రెండు వందల పదకొండు.

బీక్యా పక్క తండాలో ఉంటాడు, యాభై దాటింది. నన్ను గుడారం వెనక్కి లాక్కెళ్ళాడు.

"తమ్మీ, పన్నెండు గొట్టంగ మా ఇంటామె లాలి తండా ఆడోళ్ళను తీస్కొని వస్తది. నా అంత కీపరు జిల్లాల లేడని ఇంట్ల చెప్పిన. ఒక్క మ్యాచు గూడ ఓడలేదని చెప్పిన. ఇరవై ఆరేండ్ల సంది గదే చెప్పుకుంటొస్తున్న. గా బోర్డు చూస్తె నా ఇజ్జత్ పోతది. జర ఫస్టు నాకిప్పియ్యి."

జాలేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. నాకే లేని ఫస్టు ఈయనకెక్కడి నుంచి తేను? ఆయన నన్ను వదిలేసి సారు దగ్గర బేరం మొదలుపెట్టాడు. వానలో పడ్డవి ముప్పై తీసెయ్యమన్నాడు. గాలికి పోయినవి పదిహేను తగ్గించమన్నాడు. పడ్డ గోలు పడ్డట్టేనని సారు ఒక్కటీ తగ్గించలేదు.

ఇలా పదకొండున్నర అయింది. దండలు బుట్టలోనే ఉన్నాయి. దండ పడలేదు కాబట్టి మేం పొద్దున్నుంచి తినకపోయినా అది దీక్ష కాదు, ఉత్త ఆకలి. ఈ జాబితాకు నిరసనగా నిరాహార దీక్షకు దిగుతున్నానని నేను గట్టిగా ప్రకటించాను. కూర్చున్నచోటే కూర్చోవాల్సి రావడంతో తేడా ఎవరికీ తెలియలేదు.

పన్నెండింటికి లాలి వచ్చింది, వెనక పదిహేను మంది ఆడవాళ్ళు. లాలి తండా మహిళా సంఘానికి లీడరు, చదవడం రాయడం బాగా వచ్చు. ఆమెను చూడగానే బీక్యా ఒక్క దూకు దూకి నల్లబల్లకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. పద్నాలుగేళ్ళలో ఆయన అంత బాగా కాయడం నేను చూడలేదు.

"జరుగు" అంది లాలి.

జరిగాడు. ఆమె పైనుంచి కిందికి చదివింది. "రెండు వందల పదకొండు. గివన్ని నీ మీద పడ్డయా?"

"పడ్డయి" అన్నాడు బీక్యా నేల చూపులు చూస్తూ.

"నాకెర్కనే" అంది లాలి. అందరికీ అర్థం కావాలని కాబోలు, తమ లంబాడీ భాషలో కాకుండా తెలుగులోనే మా వైపు తిరిగి చెప్పింది. "గోలు ఎన్క మొత్తం సర్కారు తుమ్మలుండె. బంతి లోపటికి పోయినప్పుడల్ల ఉత్త కాళ్ళతోని ఉరికి తెచ్చేటోడు. ఐతారం పొద్దుగూకంగ పిన్నీసు పట్టుకొని ముండ్లు తీసింది నేను. గోలుకు ఒక్క ముల్లు. తీసుకుంట లెక్కవెట్టేదాన్ని. గెల్సినమని ఈయన చెప్తుండె, నేను ఊ అంటుంటి."

బీక్యా తల పైకెత్తాడు. "ఎర్కుండి ఎన్నడు అడగకపోతివి?"

"అడిగితె బువ్వ ముట్టకపోతుంటివి. మల్ల ఐతారం ఆటకు పోకపోతుంటివి."

నాకు సిగ్గేసింది. నా కాలానికి ఆ తుమ్మలు కొట్టేసి గోడ కట్టారు. బంతి గోడకు తగిలి దానంతటదే నా దగ్గరికి వచ్చేది. ఈ సంగతి ఎవరూ అడగకుండానే నేనే బయటపెట్టేశాను.

సారు డస్టరు చేతిలోకి తీసుకున్నాడు. చివరికి పేర్లేవీ చెరపకుండా, "కింది నుంచి పైకి చదువుండ్రి" అన్నాడు. అలా చదివితే బీక్యా ఫస్టు, నేను సెకండు. చాలా న్యాయంగా ఉంది. రాకేశ్ మాత్రం ఇది అన్యాయమని, తనకు రెండేళ్ళుగా ఆడే అవకాశమే ఇవ్వలేదని మొత్తుకున్నాడు. తెలంగాణ వచ్చాక చూద్దామని సారు నచ్చజెప్పాడు.

ఒంటిగంటకు మొదటి దండ బీక్యా మెడలో పడింది. దీక్ష మొదలైంది. ఆడవాళ్ళు మా ఎదురుగా చాపల మీద కూర్చున్నారు. బీక్యా మధ్యలో కాసేపు బిగుసుకుని కూర్చుని, ఉన్నట్టుండి లేచి దండతోనే నల్లబల్ల దగ్గరికి నడిచాడు.

"సార్, రెండు తక్కువ రాసిండ్రు. జనగామోళ్ళ మీద పెనాల్టీలు రెండు. రిజిస్టర్ల రాసేటోనికి నేనే చెప్పలే." పొద్దున్నంతా తగ్గించమని బతిమాలిన మనిషి, ఆ అంకె చెరిపి రెండు వందల పదమూడు అని పెద్దగా రాశాడు.

లాలి కూర్చున్నచోటి నుంచే మూడు వేళ్ళు చూపించింది. బీక్యా మళ్ళీ చెరిపి, రెండు వందల పద్నాలుగు చేశాడు.