సముద్రం వైపు గోడ

తొట్టిలోని సున్నాన్ని కట్టెతో తిప్పుతూ హజరత్తయ్య గోడ మీద చెయ్యి వేసి చూశాడు. ఇంకా వేడిగానే ఉంది. ఎండలో సున్నం కొడితే గోడ పట్టుకోదు, మర్నాటికే పిండిలా రాలుతుంది. పొద్దు పాత ఉప్పు కొటారు తల దాటి వెనక్కి వాలితేగాని సముద్రం వైపు గోడకు నీడ రాదు. ఆయన ఆ నీడ కోసమే కాచుకుని ఉన్నాడు.

సన్నటి మనిషి. మోచేతుల దాకా చర్మం సున్నానికి మొద్దుబారి, వేళ్ళ సందుల్లో బీటలు పడి ఉంది. కళ్ళు రెండింటికీ పొరలు కమ్మాయి. మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపడుతున్నాడు.

కొటారుపాళేనికి ఆ పేరు ఈ కొటారు వల్లనే వచ్చింది. తెల్లదొరల కాలంలో ఇక్కడి మడుల్లో తీసిన ఉప్పును అందులో పోసి, కాలవ మీద పడవల్లో మద్రాసుకు పంపేవాళ్ళట. ఉప్పు పోయింది, దొరలు పోయారు. కొన్నాళ్ళు లోపల బడి నడిచింది. పెద్ద గాలివాన వచ్చినప్పుడు ఊరంతా అందులోనే తలదాచుకుంది. ఇప్పుడు పైకప్పు లేదు, లోపల తుమ్మచెట్లు మొలిచాయి. రోడ్డు మీంచి వచ్చేవాళ్ళకు అది పాడుబడ్డ కొంప. సముద్రం మీంచి వచ్చేవాళ్ళకు మాత్రం ఏటా కొత్తది. వేట నిషేధం ముగిసి పడవలు మొదటిసారి దిగిన రోజున, అవి తిరిగి వచ్చేలోగా సముద్రం వైపు గోడకు సున్నం కొట్టాలి. అది ఊరి ఆచారం. మిగతా మూడు గోడల్ని ఎవరూ ముట్టుకోరు.

ఏరు సముద్రంలో కలిసే మొగకు రెండు పక్కలా ఇసుక మేటలు ఉన్నాయి. తెల్లగోడ వెనక నీళ్ళ ట్యాంకు సూటిగా నిలబడేలా పడవను తిప్పుకుంటే లోతు దొరుకుతుంది. ట్యాంకు కట్టకముందు అక్కడ జంట తాటిచెట్లు ఉండేవి. అవి గాలివానకు కూలాయి. సాయంత్రం పొద్దు కళ్ళలో కొడుతుంటే ఒడ్డంతా నల్లగా ఒకే గీతలా కనిపిస్తుంది. అందులో గోడ ఒక్కటే తేలుతుంది.

వయసులో ఉన్నప్పుడు హజరత్తయ్య కూడా ఆ గోడను చూసుకునే ఇంటికి చేరాడు. వల లాగే ఓపిక తగ్గాక కుంచె పట్టాడు. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఆయనే సున్నం కొట్టేవాడు. తర్వాత అందరూ రంగు డబ్బాలకు మారారు. ఆయనకు మిగిలింది ఈ గోడే.

ఇవాళ తెల్లారుతుండగా పడవ నెడుతూ ఆయన అక్క కొడుకు కామాక్షయ్య కేకేశాడు. "మామా, నీ గోడను నమ్ముకుని పోతా ఉండాం! ఫోన్లో దారి ఉండాది గానీ, తడి చేత్తో రుద్దితే అది మద్రాసుకు పొమ్మంటాది!"

ఈసారి ఒక చిక్కు ఉంది. రేపు నెల్లూరులో కంటి ఆపరేషను. ఇవాళ పొద్దు పోకముందే ఆసుపత్రిలో చేరాలి. ఆ తర్వాత ఇక ఇక్కడికి రావడం ఉండదు. బిట్రగుంటలో కూతురు స్వర్ణ ఇంట్లోనే ఆయనా, భార్య పెంచలమ్మా ఉంటారు. నిచ్చెన ఎక్కడం ఇక వద్దని కూతురు గట్టిగా చెప్పేసింది. ఆటో వచ్చేలోగా గోడ పూర్తికావాలి.

ఆటో అనుకున్నదాని కంటే ముందే వచ్చింది. స్వర్ణ దిగుతూనే నోరు చేసుకుంది.

"నాయనా, ఇంకా మొదలే పెట్టలేదా?"

"నీడ రానీ మే."

"రాకుంటే ఫోన్ చేసి పిలవమంటావా?"

ఆయన నవ్వి, బకెట్టులోకి సున్నం వంచుకున్నాడు. కాసేపటికి నీడ గోడ మీంచి ఇసుకలోకి దిగింది. పెంచలమ్మ నిచ్చెన పట్టుకుంది. ఆయన ఎక్కాడు.

తడి సున్నానికి తెలుపు ఉండదు. కొట్టినప్పుడు గోడ ఊరికే తడిసినట్టు ఉంటుంది, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. చూపు బాగున్న రోజుల్లో తడి మెరుపును బట్టి ఎక్కడ వదిలాడో కనిపెట్టేవాడు. ఇప్పుడు ఎడమచేత్తో గోడను తడుముకుంటూ, చెమ్మ తగలని చోటల్లా కుంచె ఆడించాడు. సున్నం బీటల్లోకి దిగి చురచుర మండింది. నిచ్చెన జరిపించుకుంటూ, ఎక్కుతూ, దిగుతూ గోడ చివరిదాకా వచ్చాడు. అక్కడ నేల గుంటపడి ఉంది. నిచ్చెన సరిగా నిలవలేదు. పంటి బిగువున చెయ్యి చాపి కొట్టాడు.

"ఏడన్నా వదిలినానా మే?"

"ఏడా లేదయ్యా. పాల మాదిరి తెల్లంగా ఉండాది" అంది పెంచలమ్మ.

"తడి సున్నం తెల్లంగా ఉండేది ఏ ఊర్లో చూసినావు?"

"ఏ ఊరైతే ఏంది, నువ్వు దిగు ముందు."

"స్వర్ణా, నువ్వు చెప్పు."

"బ్రహ్మాండంగా ఉండాది నాయనా. రా, పోదాం."

ఇద్దరి గొంతుల్లోనూ తొందరే వినిపించింది. ఆరేదాకా ఉంటే తెలిసిపోతుంది. ఉండనివ్వరు. ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. హజరత్తయ్య మిగిలిన సున్నం మీద తాటాకు కప్పాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతులు తుడుచుకుని, దాన్ని గట్టిగా పిండి గోడలోని కిటికీ ఊచకు వేశాడు. ఆటో ఎక్కాడు.

రొయ్యల గుంటల మధ్య రోడ్డు మలుపు తిరిగింది. ఆయన వెనక్కి చూడలేదు. చూసినా ఇటు నుంచి కనిపించేది పాడుగోడలే.

రైలు గేటు పడి ఆటో ఆగినప్పుడు స్వర్ణ ఫోను మోగింది. కామాక్షయ్య. ఆమె స్పీకరు వేసి ఫోనును తండ్రి చెవి దగ్గర పెట్టింది. మోటారు చప్పుడు, గాలి.

"మామా, మొగ దాటినాం. అన్ని పడవలూ వచ్చేసినాయి."

"గోడ?"

"దూరం నించే దొరికింది. ట్యాంకు దాని వెనకమాల సూటిగా నిలబడింది."

"అది కాదబ్బయా. ఏడన్నా వదిలినానా?"

అవతల మోటారు చప్పుడు ఆగింది.

"చెప్తే ఏడవ్వు గదా?"

"చెప్పరా."

"పైన, ఎడమ మూల. మేక పడుకున్నంత. నల్లంగా అట్నే ఉండాది."

పెంచలమ్మ ముఖం బయటికి తిప్పుకుంది. హజరత్తయ్య మాత్రం నవ్వాడు.

"ఆడ నిచ్చెన నిలబళ్ళేదు. అందింది అనుకున్నా. తొట్టిలో సున్నం ఉండాది. రేపు నీడ తిరిగినాక కొట్టు. ఎండలో కొట్టబాక."

"నేనా? వలంటే లాగతా గానీ కుంచె నాకేం తెలుసు మామా?"

"మేక నీకే గదా కనపడింది."

అవతల నవ్వు. గేటు లేచింది. ఆటో కదిలింది.

కొటారుపాళెంలో పొద్దు వాలింది. గంపలు పట్టుకుని ఆడవాళ్ళంతా ఒడ్డుకు పోయారు. గోడ దగ్గర ఎవరూ లేరు. కిటికీ ఊచ మీద తువ్వాలు పిండిన మెలికల్లోనే ఆరి, సున్నానికి బిర్రబిగిసి, అంత గాలిలోనూ కదలకుండా ఉంది.