ఒక రింగంటే లోడైనట్టు

ఫోను ఒక్కసారి మోగి ఆగింది. ఖమర్ సుల్తానా చపాతీ పీట మీంచి చెయ్యి తియ్యకుండానే తల వంచి పేరు చూసింది. డ్రైవరు తిరుమల్. అంటే గడ్డి లోడైంది, బండి షహానియా ఒంటెల దొడ్ల దారి పట్టింది. రెండు రింగులైతే సరుకు దిగినట్టు. మూడైతే ఎక్కడో చిక్కొచ్చినట్టు, అప్పుడు మాత్రమే ఆమె తిరిగి ఫోన్ చెయ్యాలి. పదకొండేళ్ళ కిందట భర్త నిజాముద్దీన్ ఖతర్‌లో ఒక్క పికప్పుతో వ్యాపారం మొదలెట్టినప్పుడు ఫోన్ ఖర్చు కలిసొస్తుందని ఆమే పెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు పందొమ్మిది బండ్లు. డ్రైవర్ల ఫోన్లలో కావలసినంత బ్యాలెన్సు ఉంటుంది, అయినా పద్ధతి మారలేదు. నేపాలీ కానీ, మలబారీ కానీ, కొత్తగా చేరిన డ్రైవరుకు ముందు బండి నంబరు చెప్తారు, ఆ వెంటనే భాభీ నంబరు, అంటే ఖమర్ నంబరు చెప్తారు.

ఆ మధ్యాహ్నం ఇంటికి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మాయి రావలసి ఉంది. ఏ బండి ఎక్కడుందో, ఏ సరుకు ఎప్పుడు చేరుతుందో తెరమీద చూపించే సాఫ్ట్‌వేరట. కంపెనీ పెద్దదైంది, ఇంక సిస్టమ్ లేనిది నడవదని నిజాముద్దీన్ నెలరోజులుగా అంటున్నాడు. అతనికన్నా ఖమరే ఎక్కువ సంబరపడింది. పందొమ్మిది బండ్లూ ఒక్కచోట కనపడితే ఎంత సుఖమని తనలో తాను అనుకుంది. పదేళ్ళ కూతురు జైబా దగ్గర సిగ్గు విడిచి టైపింగు కూడా నేర్చుకుంటోంది. "అమ్మీ, రెండు వేళ్ళతో కాదు" అని ఆ పిల్ల విసుక్కున్నా మానలేదు.

వచ్చినమ్మాయి పేరు ధాత్రి, కాకినాడ పిల్ల. లాప్‌టాప్ తెరిచి రెండు రకాల సాఫ్ట్‌వేర్లు చూపించింది. ఒకటి ఏ బండి ఎటు పోవాలో తనే లెక్కగట్టి చెప్తుంది. రెండోదానికి ముందర ఒక మనిషి కూర్చుని నిర్ణయించాలి. ఏది కావాలో తేలాలంటే ఇప్పుడు పని ఎలా జరుగుతోందో తెలియాలని ఒక ఫారం తీసింది. ఖమర్ చాయ్ పళ్ళెం పట్టుకుని అప్పుడే హాల్లోకి అడుగుపెట్టింది.

"ప్రస్తుతం బండ్లను పంపించే పని ఎవరు చూస్తున్నారండీ?" అని అడిగింది ధాత్రి.

"ఎవరు లేరు మేడం" అన్నాడు నిజాముద్దీన్. "డ్రైవర్లకే అలవాటైపోయింది. మిస్డ్ కాల్స్ ఇస్తరు. దానంతట అదే నడుస్తది."

"ఆ కాల్స్ ఎవరికి వెళ్తాయండీ?"

"ఇంట్ల ఒక ఫోనుంది, దానికి. ఎవరు ఎత్తేది ఉండదు గదా, మిస్డ్ కాలే."

ఆ సమయానికే ఖమర్ చేతిలో పళ్ళెం పక్కన ఇరికించుకున్న ఫోను రెండుసార్లు మోగింది. నిజాముద్దీన్ నవ్వుతూ చెయ్యి చూపించి, గదే మేడం, చూసిండ్రా అన్నాడు. అతను ఫోనునే చూపించాడు. దాన్ని పట్టుకున్న మనిషి అతనికి కనపడలేదు. ధాత్రి మాత్రం తలెత్తి ఖమర్ మొహం చూసింది, అయినా ఫారంలో 'ఎవరూ లేరు' అని రాసుకుంది.

పళ్ళెం ఎలా కింద పెట్టిందో ఖమర్‌కే తెలీదు. అంతలో రెండో దెబ్బ పడింది. మనిషి కూర్చునే సాఫ్ట్‌వేరే చాలని, మనిషి వస్తున్నాడని నిజాముద్దీన్ చెప్తున్నాడు. అతని తమ్ముడు అతీఖ్. జగిత్యాలలో చెప్పుల దుకాణం పెట్టి మూసేసి, తరవాత సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి మూసేసిన అతీఖ్. ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ పోస్టు మీద వీసా వచ్చేసిందట, శుక్రవారం దిగుతాడట. ఈ సంగతి ఖమర్ వినడం అదే మొదలు.

ధాత్రి వెళ్ళాక వంటింట్లో అడిగింది. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ మాట్లాడుకున్నా, ప్రేమొచ్చినా పేచీ వచ్చినా జగిత్యాల తెలుగులోకి దిగడం వాళ్ళిద్దరికీ అలవాటు.

"అతీఖ్‌కు ఏం తెలుసని?"

"నువ్వు నేర్పియ్యి. నాలుగు దినాల పని. నీక్కూడ రెస్టుంటది, నీకోసమే గదా చేసింది" అన్నాడు. నిజంగానే ప్రేమగా అన్నాడు.

తరవాతి రెండు రోజులూ ఖమర్ ఒక్కటే ఆలోచించింది. ఆయన అబద్ధమాడి ఉంటే ఎంత బాగుండేది. పరాయి ఆడపిల్ల ముందు పెళ్ళాం పేరు చెప్పడానికి నామోషీ పడ్డాడనుకుని సరిపెట్టుకునేది, పోట్లాడేది, నాలుగు రోజులు మాట మానేసేది. కానీ ఆయన అబద్ధమాడలేదు. దానంతట అదే నడుస్తోందని నిజంగానే నమ్ముతున్నాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఉండిపోయింది, కూర రెండుసార్లు మాడింది. జైబా పుట్టిన రోజున ఆస్పత్రి మంచం మీద నొప్పికీ నొప్పికీ మధ్య, ఉమ్ సలాల్‌లో ఇసుకలో దిగబడ్డ నీళ్ళ ట్యాంకరుకు ఇంకో బండిని పంపించింది తను. దాన్ని ఆయన దోస్తులకు తమాషాగా చెప్పేవాడు, మా బేగం కాన్పుల కూడ ఫోను ఇడువలే అని. అందరూ నవ్వేవాళ్ళు, తనూ నవ్వేది. అంటే అప్పుడు ఆయన కంటికి కనపడింది ఫోను పిచ్చి ఉన్న ఒక ఆడది, అంతేనా? పండక్కి ఊరికి ఫోన్ చేస్తే అత్త కూడా అదే మాట. దుబాయ్‌ల నా కొడుకు ఎండల మాడుతుంటే నువ్వు ఏసీల కూసోని ఏం జేస్తవమ్మా అనేది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే, ఎంత చేసినా కోడలిది కూర్చునే పనే. సొమ్మొకడిది సోకొకడిది అని తన అమ్మ ఊరికే అనలేదు. ముసలమ్మకు తెలియదులే అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. ఆమె కొడుకుకీ తెలియదని ఇప్పుడు తేలింది.

మంగళవారం ధాత్రి మళ్ళీ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడానికి వివరాలు కావాలంది. సార్ మిమ్మల్నే అడగమన్నారండీ అంది కొంచెం ఇబ్బందిగా. అలవాటు పడ్డ నోరు, ఖమర్ చెప్పడం మొదలుపెట్టింది. షహానియాలో ఎర్ర గేటు దొడ్డికి పొద్దున ఒంటెలు నడకకు పోకముందే గడ్డి చేరాలి, తరవాత కాపలా ఆయన గేటు తియ్యడు. ఉమ్ సలాల్ తోటలో ముసలి అర్బాబు, ఆ తోట యజమాని, సాయంత్రపు అసర్ నమాజు తరవాత హారన్ కొడితే ట్యాంకరును వెనక్కి పంపిస్తాడు. డ్రైవరు నిరంజన్‌కు షుగరు, దూరపు లోడుకు పంపితే మధ్యలో తినడానికి వేళ ఇవ్వాలి. రంజాన్‌లో ఎవరు ఉపవాసమో, వాళ్ళ సాయంత్రపు లోడు ఉపవాసం లేనివాళ్ళలో ఎవరు తీసుకుంటారో కూడా చెప్పింది. రెండు గంటలు గడిచాయి. ధాత్రి తెరమీద నాలుగు పేజీలు నిండాయి.

"ఇదంతా మీ తలలోనే ఉందాండీ?" అంది ధాత్రి. తరవాత మెల్లగా అడిగింది. "లాగిన్లకి మూడు పేర్లిచ్చారు, సార్‌వి, అతీఖ్ గారివి, అకౌంటెంట్‌వి. మీ పేరు ఇవ్వలేదేంటండీ?"

ఖమర్ తెరవైపు చూసింది. పదకొండేళ్ళు నాలుగు పేజీలయ్యాయి. శుక్రవారం దిగే మనిషి వీటిని చదువుకుని కుర్చీలో కూర్చుంటాడు.

"ఇది మీ ఆఫీసుకు చేరిందా, చెల్లె?"

"లేదండీ, ఇంకా సేవ్ చెయ్యలేదు."

"ఎట్ల తీసేస్తరు?"

ధాత్రి ఆమె మొహంలోకి చూసి, మొత్తం సెలెక్ట్ చేసి లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పింది. ఖమర్ ఒక్క వేలితో మీట నొక్కింది. తెర తెల్లగా అయిపోయింది. తను చేసిన పనికి తనే భయపడింది. అయినా ఆ భయం కింద ఎక్కడో ఊపిరాడింది.

కాసేపటికి నిజాముద్దీనే ఫోన్ చేశాడు. మొత్తం చెప్పినవా, అయిపోయిందా అని అడిగాడు.

"కాలే" అంది ఖమర్. "మేనేజర్ నేనని కంపెనీ కాగితం మీద రాసి, నాకు పని పర్మిట్ తీసుకొస్తే చెప్త. జీతం కూడా ఉండాలె. అప్పటిదాంక ఒక్క ముక్క చెప్ప."

అవతల నిజాముద్దీన్ నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, ఉత్త ఆశ్చర్యమే.

"అరే, పాగల్ అయినవా? ఇంటి మనిషికి కాగితమేంది, జీతమేంది?"

"అతీఖ్ ఇంటి మనిషి కాడా?"

అవతల నవ్వు ఆగింది. ఖమర్ ఫోను పెట్టెయ్యలేదు, ఆయనకు మాట అందించనూ లేదు.