అన్నానికి ముందు అంకె

దుకాణాలవాళ్లకు ఆ తూనికల ఇన్‌స్పెక్టరంటే సింహస్వప్నం. కాటాలో చిటికెడు తేడా కనిపించినా చాలు, బతిమాలినా వినడు, అక్కడికక్కడే సీలు వేసేస్తాడు. అంతటి మనిషీ ఆ ఉదయం షుగరు డాక్టరమ్మ గది బయట కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కాలు సంగతి నిజమే పాపం, ఎడమ చిటికెనవేలి మీది పుండు నాలుగు నెలలైనా మానలేదు. చేతిలో ఒక నోటుబుక్కు ఉంది. దాన్నిండా మూడు నెలల షుగరు అంకెలు. వాటిలో ఒక్కటీ నిజం కాదు.

"కూర్చోరా బాబూ! నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది బెంచీ మీద జారగిలబడ్డ అక్క. ఆమెకూ షుగరే. ఇద్దరూ ఒకే డాక్టరమ్మ దగ్గరికి ఒకే రోజు వస్తారు.

"నీ చేతిరాత గుర్తుపడుతుందేమోనే."

"మూడు రకాల పెన్నులతో రాశాను. ఇంకేం చెయ్యమంటావ్?"

అవును, రాసింది అక్కే. నవ్వకండి, వాళ్లు పెరిగిన ఇల్లు అలాంటిది. భోజనాల వేళ నాన్న ముందు మార్కులు చెప్పించేవాడు, కంచం ఆ తరవాతే. యాభై దాటితే సరే. దాటలేదా, బెల్టు! ఆ పైన గోడకేసి తిరిగి, నిలబడి తినాలి. ఆ నాన్న పోయి ఇరవై ఏళ్లయింది. ఇతగాడికి యాభై రెండొచ్చాయి. ఇప్పటికీ నిలబడే తింటాడు, వెనక ఎవరో తరుముతున్నట్టు.

అలాంటివాడి చేతికి మీటరిచ్చి, "తినే ముందు వేలు పొడిచి చూసుకోండి, అంకె రాసిపెట్టండి," అంది డాక్టరమ్మ. అన్నానికి ముందు అంకె! మొదటిరోజే రెండొందల తొంభై కనబడేసరికి అతనికి వీపు చురుక్కుమంది. కంచం పక్కకు నెట్టేసి, మీటరును బీరువాలో బట్టల కింద దాచేశాడు. షుగరు దిగకపోతే కాలివేలు నిలవదని ఆవిడ పోయినసారే హెచ్చరించింది. భయపడి షుగరు దించుకున్నాడా? లేదు, అంకెలు దింపించుకున్నాడు. ఊరందరి కాటాలూ సరిచేసే మనిషి, ఏం చెప్పమంటారు!

ఇద్దరినీ లోపలికి పిలిచారు. డాక్టరమ్మ పేజీలు తిప్పింది.

"బావుందే! అరె, పొద్దున డెబ్బై రెండు, అరవై ఎనిమిది... ఇంత తక్కువా? ఒళ్లు వణకట్లేదూ?"

"వణుకుతోందండీ," అన్నాడు. ఆ ఒక్కటీ నిజమే.

"వణకదూ మరి! రాత్రి ఇన్సులిన్ సగానికి తగ్గించేద్దాం."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అక్కాతమ్ముళ్లు మరీ అతికించారు. మందు సగమైతే వేలుతో ఆగదు, పాదానికే ఎసరొస్తుందని అతనికి తెలుసు. తెలిసీ సరేనని తలూపాడు. భుజాలు మాత్రం చెవులదాకా లేచాయి.

"మీ పుస్తకమేదమ్మా?" చీటీ రాస్తూనే అడిగింది డాక్టరమ్మ. అక్క తీసి బల్ల మీద పెట్టింది. అతను తొంగిచూశాడు. మూడొందల పన్నెండు. రెండొందల ఎనభై ఆరు. పక్కన చిన్న అక్షరాలతో, 'పక్కింటావిడ కేకు పెట్టింది, తిన్నాను.'

"నువ్వు నిజాలు రాశావా?" అన్నాడు, ఎక్కడున్నాడో కూడా మరిచిపోయి.

"కొట్టేవాడు పోయాడు కదరా. ఇంకెవరికి భయపడాలి?"

"మరి నాకెందుకు రాసిపెట్టావే?"

"నువ్వు బిక్కమొహం వేసుకుని అడిగితే నేనెప్పుడైనా కాదన్నానా?" అంది అక్క. "అప్పుడంటే నీ మార్కులు దిద్ది దెబ్బలు తప్పించాను. ఇప్పుడు నా చేతులతో నీ కాలు తీయిస్తున్నానురా."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "ఏమిటి విషయం?"

అక్క, చెప్పాల్సింది నువ్వే అన్నట్టు తమ్ముడి వంక చూసింది.

అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "అవన్నీ అబద్ధాలండీ. మొదటిరోజు తప్ప నేను చూసుకోనేలేదు."

దెబ్బ కోసం కాచుకున్నాడు. దెబ్బ పడలేదు. కుర్చీ జరిగిన చప్పుడైంది, వేలి మీద చిన్న పోటు పడింది, అంతే.

"కళ్లు తెరవండి. ఎంతుందో మీరే చదవండి."

మీటరు కేసి చూశాడు. "మూడొందల... మూడొందల పద్దెనిమిది."

ఎవరూ అరవలేదు. డాక్టరమ్మ అంతకుముందు రాసిన చీటీ చింపేసి, కొత్త కాగితం మీద ఆ అంకె వేసుకుంది. "సరే, మందు పెంచుదాం. పుండు చూపించండి," అంది మామూలు గొంతుతోనే.

"నిన్న నాది మూడొందల ఇరవై," అంది అక్క. "రెండు మార్కుల తేడాతో నేనే ఫస్టురా!"

అతనికి ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. అంత మనిషీ చిన్నపిల్లాడిలా అక్క చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మళ్లీ చెప్పవే అక్కా," అన్నాడు. "నీదెంత?"